‘హంబుల్’ అను మాట

పాఠ్యభాగము: ఫిలిప్పీ. 2:1–11; యోహాను 13:1–17



మన పిల్లలు బడిలో నేర్చుకొను ఇంగ్లీషు విశేషణములలో ‘హంబుల్’ అనునది యొకటి. దీనుడు, వినయముగల వాడు అని దాని యర్థము.

లాటిను భాషలో ‘హుముస్’ అనగా నేల. దానినుండి ‘హుమిలిస్’, అనగా నేలనంటి యున్నది, తగ్గు, అను మాట పుట్టెను. అది ఫ్రెంచివారి ద్వారా 13వ శతాబ్దములో ఇంగ్లీషులో చేరెను. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అను సామెత మనకు తెలియును గదా. వాననీరు మెరక విడిచి పల్లమునకు చేరునట్లే, దేవుని కృప దీనులయొద్దకు చేరును (యాకోబు 4:6).

వాడుకలో ఈ మాటకు మూడు తావులున్నవి. పూరియిల్లు, పేదపుట్టుక అనునప్పుడు అది స్థితిని తెలుపును. మనుష్యుని గూర్చి చెప్పునప్పుడు గుణమును తెలుపును. అర్జీల చివర ‘హంబుల్ సర్వెంట్’ అని వ్రాయుట మర్యాద మాత్రమే.

అయితే ఈ వేరునుండియే ‘హ్యూమిలియేట్’ అను మాటయు వచ్చెను. అనగా ఇతరుని నేలకు దించుట, అవమానించుట. ఈ భేదమును మనము గ్రహింపవలెను. మన పితరులలో అనేకులు ఊరి వెలుపలి పల్లెలలో నుండి, దూరముగా నిలువుమను మాట వినినవారే. ఆ అవమానమును నోరుమూసికొని సహించుటయే దీనమనస్సని చెప్పువారు కలరు. అది సత్యము కాదు. ఒకడు త్రోయగా పడుట వేరు, ప్రేమచేత తానే వంగుట వేరు. తండ్రి సమస్తమును తనచేతికి అప్పగించెనని యెరిగియే ప్రభువు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను.

1849లో గురజాలకు వచ్చి పల్నాటిలో సేవచేసిన ఫాదర్ హయ్యర్‌గారిని తలంచుడి. 1869లో, 76 యేండ్ల వయస్సున, రాజమహేంద్రవరపు లూథరన్ మిషను ఇతరుల చేతికి పోనున్నదని విని, తానే ముందుకు వచ్చి అమెరికానుండి తిరిగి బయలుదేరెను. ఎవరును ఆయనను బలవంతపెట్టలేదు.

మనలను మనము పరీక్షించుకొందము. పండుగ మరునాడు గుడి ఊడ్చు పని ఎవరికి విడిచిపెట్టుచున్నాము? ఒక పల్లెవారు మరియొక పల్లెవారిని చిన్నచూపు చూచుచున్నారా? ఇతరులు మనకు చేసిన దానిని మనమే మన సహోదరులకు చేసినయెడల ప్రభువునకు ఏమని ఉత్తరమిత్తుము?

ప్రార్థన: ప్రభువా, అవమానము నెదుట తలయెత్తి నిలుచుటకును, సహోదరుని పాదములయొద్ద వంగుటకును మాకు నేర్పుము. ఆమేన్.