జీపు కమానుకట్టలు మార్చునపుడు తెలిసికొనవలసినవి

పిల్లల పుస్తకములను, దుస్తులను ఎంచుటలో తలిదండ్రులు ఎంతో శ్రద్ధ వహింతురు. వారు ఎక్కివచ్చు బండి విషయమునను అట్టి శ్రద్ధయే వలయును. ఒడిశాలోని కొరాపుట్టు, రాయగడ జిల్లాలవంటి కొండసీమలలో అనేక పల్లెలకు జీపే ఆధారము. దాని వెనుకభాగము క్రుంగినపుడు, క్రొత్త కట్టలకు తలా కొంత ఇండని యజమాని అడుగును. మనము సొమ్ము నిత్తుము గాని, ఏ కట్టలు వేయుచున్నారని అడుగము. ఆ ప్రశ్న అడుగుటకు కావలసిన తెలివిడిని ఈ పాఠమున సమకూర్ప యత్నింతుము.

కట్ట పని, షాక్ అబ్సార్బరు పని

కమాను అనునది పారసీకమున విల్లునకు పేరు. విల్లువలె వంగిన ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి బిగించినది గావున మన మెకానిక్కులు దీనిని కమానుకట్ట అందురు. మహీంద్రావారి పాత జీపులకును, 1985లో వచ్చిన మారుతీ జిప్సీకిని ముందువెనుకల ఈ కట్టలే కలవు. 2010 నాటి థారులలో కొన్నింటికి వెనుక మాత్రమే కట్టలు. 2020 నాటి థారుకును, 2023లో వచ్చిన జిమ్నీకిని కట్టలు లేవు, చుట్టుస్ప్రింగులు కలవు. కావున బండి నమూనాయు, సంవత్సరమును తెలియక సామాను కొనరాదు.

కట్ట బరువును మోయును. షాక్ అబ్సార్బరు ఊపును అణచును. ఇది అరిగిన బండికి ఎంత మంచి కట్టలు వేసినను, గోతిలో పడిన చక్రము పలుమారులు ఎగిరిపడును. చక్రము నేలను వదలినంతసేపు బ్రేకు పట్టదు, స్టీరింగు మాట వినదు. బండి మూలను గట్టిగా అదిమి విడువుడు. ఒకటి రెండు ఊపులతో నిలిచిన సరి. ఇంకను ఊగుచున్నను, గొట్టముపై నూనె కారుచున్నను, షాక్ అబ్సార్బర్లను గూడ మార్చవలెను.

గట్టి కట్ట యెల్ల మంచికట్ట కాదు

స్ప్రింగుపై బరువు పెరిగినకొలది వంపును అదే నిష్పత్తిలో పెరుగునని రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. ఒక లెక్క చూతము. పిల్లలవలన వెనుక ఇరుసుపై 240 కిలోల బరువు పడినదనుకొందము. ఒక్కొక్క కట్టకు 120 కిలోలు. మిల్లీమీటరు వంగుటకు 3 కిలోలు కోరు కట్టయైనచో 40 మిల్లీమీటర్లు క్రుంగును; 6 కిలోలు కోరునదైనచో 20 మాత్రమే. అట్లని గట్టిదానినే ఎంచుదమా? ఉదయము నిండుగా వచ్చిన జీపు మధ్యాహ్నము ఖాళీగా పోవును. అప్పుడు ఆ గట్టికట్ట వంగక, చక్రము రాళ్లపై ఎగురును.

పట్టీ మందము విషయమున మరింత జాగ్రత్త అవసరము. వెడల్పు రెట్టింపైన గట్టిదనము రెట్టింపగును. మందము రెట్టింపైన ఎనిమిది రెట్లగును. 6 మిల్లీమీటర్ల పట్టీలకు బదులు 7 మిల్లీమీటర్ల పట్టీలు వేసినచో గట్టిదనము ఒకటిన్నర రెట్లు దాటును. ఇది కంటికి తెలియని తేడా, కొలిచియే చూడవలెను.

నిండుగను ఖాళీగను తిరుగు బండికి, అసలు నమూనా కట్టయే మేలు. తయారీదారు ఒప్పినచో అడుగున సహాయపట్టీ గలదానిని తీసికొనవచ్చును. బరువు కొంత మీరిన పిమ్మటగాని ఆ పట్టీ పనిలోనికి రాదు. రెండవ పట్టీ కొన మొదటిదాని కంటిని చుట్టియుండుట మరియొక మేలు. ప్రధానపట్టీ విరిగినను ఇరుసు వెంటనే తప్పిపోదు. పాతకట్టను సమ్మెటతో కొట్టి వంచి, తిరిగి వేడిమిపదను పెట్టక బిగించుట చౌకబేరమే గాని, అది త్వరలోనే మరల క్రుంగును.

ఎత్తు పెంచుటలోని ముప్పు

రాళ్లు తగులకుండుటకై బండిని 50 మిల్లీమీటర్లు ఎత్తు చేయుదమని కొందరందురు. చక్రముల మధ్యదూరములో సగమును గరిమనాభి ఎత్తుచే భాగింపగా వచ్చు అంకె తగ్గినకొలది బండి సులభముగా పల్టీకొట్టును. సగము దూరము 600, ఎత్తు 700 అయినచో అంకె 0.86, ఎత్తు 750 అయినచో 0.80. పైకప్పుమీద మూటలు కట్టినచో ఇంకను తగ్గును. అదియుగాక స్టీరింగు కడ్డీ కోణము మారును, బ్రేకు గొట్టము చాలక లాగుకొనును. తయారీదారు నిర్దేశములకు విరుద్ధముగా బండిని మార్చరాదని సుప్రీముకోర్టు 2019లో, 1988 నాటి మోటారు వాహనముల చట్టమునందలి 52వ సెక్షనును అనుసరించి, తీర్పు చెప్పెను. పిల్లల బండికి ఎత్తు పెంచుట తగదని మా దృఢాభిప్రాయము.

యజమానిని అడుగవలసినవి

1. పట్టీల సంఖ్య, పొడవు, వెడల్పు, మందము, సెంటరు బోల్టు స్థానము పాతదానితో సరిపోల్చితిరా?

2. ఒకే ఇరుసుకు రెండువైపులను కట్టలు మార్చితిరా? ఒకవైపే మార్చిన బండి ఒరిగి నడుచును.

3. యు బోల్టులు క్రొత్తవియేనా? కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిదప మరల బిగించితిరా?

4. రబ్బరు బుష్షుల బోల్టులను బండి బరువు చక్రములపై నున్నపుడే కడపటి బిగింపు చేసితిరా? గాలిలో వ్రేలాడునపుడు బిగించిన రబ్బరు మెలిపడి చినుగును.

5. ఎందరు పిల్లలను ఎక్కింతురు? అనుమతికి మించినవారిని ఎక్కించినచో ఏ కట్టయు రక్షింపజాలదు.

ఈ అయిదవ ప్రశ్నకు జవాబు యజమానియొద్దనే కాదు, మనయొద్దను గలదు. కిరాయి తగ్గునని ఒకే జీపున పిల్లలను క్రిక్కిరియ నింపుట మనము మానినగాని, క్రొత్త కట్టలకు మనమిచ్చిన సొమ్ము సార్థకము గాదు.