పాత పాటకు క్రొత్త అడుగులు

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగము పరిశ్రమలకు పుట్టినిల్లు. మాంచెస్టరు నూలుమిల్లులకును, విగన్ బొగ్గుగనులకును, వానికి దక్షిణముగా నున్న స్టోక్ పింగాణీ కార్ఖానాలకును పేరొందిన పట్టణములు. అచ్చటి శ్రామిక కుటుంబముల యువతీయువకులు వారమంతయు యంత్రముల హోరులో పాటుపడి, శనివారము రాత్రి కొరకు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచెడివారు. ఆ రాత్రి వారికి నిద్ర లేదు. తెల్లవారువరకు నాట్యమే. ఇట్లు 1960 తరువాతి దశాబ్దమున పుట్టిన ఆ నాట్యసంప్రదాయమునకు 'నార్తర్న్ సోల్' అని పేరు. 'ఉత్తరాది సోల్' అని దాని యర్థము. అది నేటికిని జీవించియే యున్నది. కాని దానిని పెంచి పోషించినవారు వృద్ధులైరి. వారి తరువాత దాని గతి యేమి? ఆ నాట్యమును ప్రేమించువారినందరను ఈ ప్రశ్న కలతపెట్టుచున్నది.

'సోల్' అను ఆంగ్లపదమునకు ఆత్మ యని యర్థము. అమెరికాలోని నల్లజాతి ప్రజలు తమ చర్చిలలో పాడుకొను భక్తిగీతముల ఆవేశమును లౌకికగీతములలోనికి తెచ్చుటచే ఈ సంగీతము రూపొందినది. డెట్రాయిటు నగరమున బెర్రీ గోర్డీ యను నతడు 1959వ సంవత్సరమున స్థాపించిన మోటౌన్ సంస్థ దీనికి ప్రపంచఖ్యాతి తెచ్చినది. గోర్డీ అంతకుముందు కార్ల కర్మాగారమున పనిచేసినవాడు. మోటౌన్ విజయమును చూచి డెట్రాయిటు, చికాగో మొదలగు నగరములలో చిన్న సంస్థలెన్నో వెలసి, అట్టి పాటలనే రికార్డు చేసినవి. పాటలు మంచివే, గాయకుల గొంతులును మంచివే. కాని ప్రకటనలకు ధనము లేక, రేడియోలో చోటు దొరకక, ఆ రికార్డులనేకములు అమ్ముడుపోక గిడ్డంగులలో మూలబడినవి. 1960 దశకము ముగియునప్పటికి అమెరికాలో జనుల అభిరుచి మారి, ఫంక్ అను క్రొత్త బాణీ ప్రబలెను. పాత రికార్డులను అడుగువారు లేకపోయిరి.

అమెరికా మరచిన ఆ పాటలను ఇంగ్లండులోని కార్మికుల బిడ్డలు అక్కున జేర్చుకొనిరి. మాంచెస్టరులో 1963లో వెలసిన ట్విస్టెడ్ వీల్ అను క్లబ్బు, 1971లో మూతపడువరకు, ఈ నాట్యమునకు తొలి నెలవుగా నుండెను. లండనులో సోల్ రికార్డుల దుకాణము నడపిన డేవ్ గోడిన్ అను పత్రికారచయిత ఒక వింతను గమనించెను. ఫుట్‌బాలు పోటీలు చూడవచ్చిన ఉత్తరాది యువకులు తన దుకాణమునకు వచ్చి, క్రొత్తగా వెలువడిన పాటలను గాక, వేగము గల పాతపాటలనే అడుగుచుండిరి. గుమాస్తాలకు తేలికగా తెలియుటకై ఆయన 1968లో అట్టి పాటలకు 'నార్తర్న్ సోల్' అని పేరు పెట్టెను. 1970లో తన వ్యాసమున వాడుటతో ఆ పేరు లోకమునకు తెలిసినది.

1973 సెప్టెంబరు 23వ తేదీన విగన్ కాసినో అను విశాలమైన నాట్యశాలలో సోల్ రాత్రులు ఆరంభమైనవి. ఈ సంప్రదాయమునకు అదియే తలమానికము. అర్ధరాత్రి దాటిన పిమ్మట తలుపులు తెరచెడివారు. ఉదయము ఎనిమిది గంటలకు ముగించెడివారు. మద్యము అమ్మెడివారు కారు. దూరపుటూళ్ల నుండి బస్సులలోను, రైళ్లలోను యువజనులు చిన్న సంచులలో మారుబట్టలు పెట్టుకొని వచ్చెడివారు. ఈ నాట్యమున జంట అక్కరలేదు. ఎవరికి వారే పాటకు లోబడి ఆడుదురు. పాదములను ప్రక్కలకు జార్చుచు, గిరగిర తిరుగుచు, ఒక్కసారిగా వెనుకకు వాలి చేతులపై నిలిచి మరల లేచుచు ఆడుట దీని రీతి. కాళ్లు సులువుగా జారుటకై కొయ్యనేలపై టాల్కం పౌడరు చల్లుదురు. ప్రతిరాత్రి చివర ఎన్నబడిన మూడు పాటలే వినిపించెడివారు. అవి ముగియగనే చెమటతో తడిసిన జనము పగటి వెలుగులోనికి నడచెడిది.

ఈ చరిత్రలో మచ్చ లేకపోలేదు. నిద్ర రాకుండుటకై కొందరు ఉత్తేజకరములైన మాత్రలు మ్రింగి ఆరోగ్యమును చెడగొట్టుకొనిరి. పోలీసుల నిఘా పెరిగినది. స్టోక్ ప్రాంతమందలి గోల్డెన్ టార్చ్ అను క్లబ్బు 1973లో మూతపడుటకు ఈ మాత్రల బెడదయు నొక కారణము.

క్లబ్బులలో రికార్డులు వేయువారి నడుమ పోటీ తీవ్రముగా నుండెడిది. ఇతరులకు దొరకని పాటను వినిపించుటయే గొప్ప. అందుకై కొందరు అమెరికా వెళ్లి దుమ్ముపట్టిన గిడ్డంగులు వెదకిరి. తమకు దొరకిన పాట పేరు పొరుగువానికి తెలియకుండ రికార్డుపై తెల్లకాగితము అంటించి, గాయకునికి కల్పితనామము పెట్టినవారును కలరు. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్ సంస్థకు పాడిన ఒక పాట రికార్డు ఇందుకు పరాకాష్ఠ. అది విడుదల కాకుండగనే ప్రతులు నాశనము చేయబడినవి. బహుకొద్ది మాత్రమే మిగిలినవి. వానిలో నొకటి 2009లో 25,742 పౌండ్లకును, 2020లో ఒకటి 1,00,000 పౌండ్లకును అమ్ముడుపోయినవి. ఒకప్పుడు పారవేసిన వస్తువు నేడు మేడల వెల పలుకుచున్నది!

1981 డిసెంబరు 6వ తేదీన విగన్ కాసినో మూతపడినది. తరువాత ఆ భవనమును పడగొట్టిరి. అయినను నాట్యము ఆగలేదు. లండనులోని 100 క్లబ్బు మొదలైన చోట్ల సోల్ రాత్రులు కొనసాగినవి. కాని ఏండ్లు గడచుట మానవు గదా! 1973లో పదునెనిమిదేండ్ల ప్రాయమున విగన్‌లో ఆడినవానికి 2023 నాటికి అరువదియెనిమిదేండ్లు నిండినవి. మోకాళ్లు మునుపటివలె వంగవు. తోడి నాట్యకారులు ఒక్కొక్కరుగా కనుమరుగగుచున్నారు.

ఇట్టి స్థితిలో అభిప్రాయభేదములు కలుగుట సహజము. తొలినాటి రికార్డునే వినిపింపవలెను గాని మరల ముద్రించిన ప్రతిని ముట్టరాదని కొందరందురు. ఇది నియమనిష్ఠయే. కాని నూర్ల పౌండ్లు పెట్టి రికార్డు కొనలేని యువకునికి ఈ నియమము మూసిన తలుపు వంటిది. ఎప్పుడును అవే నూరు పాటలు వినిపించినచో సంప్రదాయము ఎండిపోవునని మరికొందరందురు. ఈ వాదము క్రొత్తది కాదు. 1970 దశకపు నడుమనే బ్లాక్‌పూల్ మెక్కాలో అయాన్ లెవిన్, కోలిన్ కర్టిస్ అనువారు ఆనాటి క్రొత్త రికార్డులను వినిపింపగా, విగన్ పక్షమువారు మండిపడిరి. 'ఇది మా యౌవనము; మాతోనే ముగియనిండు' అనువారును కలరు.

ఈ చివరి మాట మనసును కరగించును. కాని విచారించి చూడుడు. విగన్‌లో 1973లో ఆడినవారు తమ గతమును తలచుకొని ఆడిరా? లేదు. ఆ పాటలు వారు పసివారుగా నున్నప్పుడు, వారు కన్నులార చూడని దూరదేశమున, వారి జాతికి చెందని గాయకులు పాడినవి. ఆ పాటలయందు వారికి స్మృతియు లేదు, జన్మహక్కును లేదు. ఉన్నది ప్రేమ యొక్కటే. అట్లైనచో నేటి ఇరువదియేండ్ల బాలిక ఆ పాటలకే ఆడిన దానిని పరాయిదియని యనుట న్యాయమా? గ్లోరియా జోన్స్ పాడగా 1965లో వెలువడిన 'టెయింటెడ్ లవ్' అను పాట అమెరికాలో ఎవ్వరికిని పట్టలేదు. ఉత్తరాది క్లబ్బులు దానిని బ్రతికించినవి. బ్లాక్‌పూల్‌లో పెరిగిన డేవ్ బాల్ సభ్యుడుగా నున్న సాఫ్ట్ సెల్ అను జంట 1981లో దానిని క్రొత్తగా పాడగా, బ్రిటనులో అది ప్రథమస్థానము పొందినది. చేతులు మారినందువలన పాట చెడలేదు, పదిమందికి తెలిసినది.

శుభసూచనలు లేకపోలేదు. 2014లో 'నార్తర్న్ సోల్' అను చలనచిత్రము వెలువడినది. దాని దర్శకురాలు ఎలేన్ కాన్‌స్టంటైన్. 2023 జూలైలో లండనునందలి రాయల్ ఆల్బర్ట్ హాలులో, ప్రసిద్ధమైన బి.బి.సి. ప్రామ్స్ ఉత్సవమున, పెద్ద వాద్యబృందముతో ఈ పాటలు వినిపించిరి. బ్రిస్టల్ నగరమునను, లండనులోని డెట్‌ఫర్డ్ పేటయందును యువజనులే క్లబ్బులు నెలకొల్పి నాట్యరాత్రులు నడపిరి. తాతల నాటి అడుగులను మనుమలు నేర్చుచున్నారు.

అయితే అడుగులు మాత్రమే నేర్చిన చాలదు. ఆ పాటలు పాడిన నల్లజాతి గాయకులకు తమ దేశమున కీర్తియు రాలేదు, ధనమును రాలేదు. 1972లో మేజర్ లాన్స్ అను గాయకుడు గోల్డెన్ టార్చ్‌లో పాడినప్పుడు, అమెరికా మరచుచున్న అతని పాటలు అచ్చటి యువకులకు కంఠస్థములు. డెట్రాయిటులో పేరు తెచ్చుకొన్న ఎడ్విన్ స్టార్ ఇంగ్లండులోనే స్థిరపడి 2003లో అచ్చటనే కన్నుమూసెను. ఇది ఆదరణయే. కాని అనుమతి లేకుండ ముద్రించిన దొంగప్రతుల వలన గాయకులకు దమ్మిడీయైనను దక్కలేదు. హక్కుదారుల అనుమతితో పాటలను మరల ప్రచురించు కెంట్ వంటి సంస్థలు 1982 నుండి ఈ లోపమును కొంత సవరించినవి. తెల్లకాగితపు చాటున దాగిన పేర్లు వెలుగులోనికి వచ్చినవి. క్రొత్తగా ఆడువారు ఆ పేర్లను మరువకుండుట వారి ధర్మము. తెలిసినదానిని దాచుకొనక చెప్పుట పెద్దల ధర్మము.

పెట్టెలో దాచిన రికార్డు నూరేండ్లు చెడకుండవచ్చును. కాని అది మ్రోగదు. మ్రోగిన రికార్డుపై గీతలు పడవచ్చును. కాని దానిని విని ఒకడు లేచి ఆడును. కళ యే దేశముదైనను, దాని ఆయుష్షు దానిని మొదట కనుగొన్నవారి వయస్సులో లేదు. వారు ఇతరులకు విడిచిన చోటులో నున్నది.