నెగటివు మీద మచ్చలెందుకు?

ఈనాడు ఫోటోలు చాలావరకు డిజిటల్ కెమేరాలతోనే తీస్తున్నారు. అయినా ఫిల్మును ఇంట్లోనే కడుక్కునే సరదా కొందరికి ఇంకా ఉంది. మీరు మేడ్చల్‌లో, మే నెలలో, నలుపు తెలుపు ఫిల్మును కడగబోతున్నారనుకోండి. ఏ జాగ్రత్తలు కావాలో చూద్దాం.

ఫిల్ము మీద జెలటిన్ పొర, అందులో వెండి లవణాల సన్నని రేణువులు ఉంటాయి. వెలుతురు సోకిన రేణువులను డెవలపరు నల్లని వెండిగా మారుస్తుంది. మిగిలినవాటిని హైపో కరిగించి తీసేస్తుంది. ఫిల్మును డబ్బాలో పెట్టేటప్పుడు ఎర్రదీపం కూడా వద్దు. కటిక చీకటి కావాలి.

మొదటి శత్రువు వేడి. డెవలపరుకు సాధారణంగా 20 డిగ్రీల సెంటిగ్రేడు అనువైనది. మేలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనట్టుంటాయి! వేడి డెవలపరులో నెగటివు మరీ నల్లబడుతుంది. చల్లని మందులోంచి తీసి వేడినీళ్ళలో వేస్తే జెలటిన్ ఒక్కసారిగా ఉబ్బి ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఇక పోవు. కనుక మందులూ, కడిగే నీళ్ళూ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. ముందురోజే కుండలో నీళ్ళు పోసి ఉంచండి. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఆ నీళ్ళ తొట్టిలో మందుల సీసాలు నిలబెట్టి, అవసరమైతే ఐసు వేసి, థర్మామీటరుతో చూడండి.

రెండవది గాలి బుడగ. బుడగ అంటుకున్న చోట డెవలపరు తగలదు, గుండ్రని మచ్చ మిగులుతుంది. మందు పోయగానే డబ్బాను బల్ల మీద రెండుమూడుసార్లు మెల్లగా తట్టండి.

మూడవది కఠినజలం. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం గ్రానైటు నేల. ఇక్కడి బోరు నీళ్ళలో కాల్షియం లవణాలు తరచు ఎక్కువ. చుక్క ఆరిపోతే తెల్లని మరక మిగులుతుంది. చివరిసారి స్వేదనజలంతో ముంచి తీసి, దుమ్ములేని గదిలో వేలాడదీయండి. తడి జెలటిన్ మెత్తన, గుడ్డతో తుడవకండి.

హైపో పూర్తిగా పోయేదాకా కడగడం మరవకండి. మిగిలిన హైపో కొన్నేళ్ళకు బొమ్మను పాడుచేస్తుంది. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో నడిపిన లాలా దీన్ దయాళ్ గాజు నెగటివులు వందేళ్ళు దాటి నేటికీ ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. శ్రద్ధగా కడిగిన నెగటివు ఆయుష్షు అంతటిది!

ఈ పని పెద్దలు దగ్గరుండగానే చేయండి. రబ్బరు తొడుగులు వేసుకోండి. వంటపాత్రలు మాత్రం వాడకండి.