తలకు దెబ్బ తగిలితే మెదడు వాపు – మందులు ఏం చేస్తాయి?



ఇచ్ఛాపురం నుండి భోగాపురం వరకు మన రెండు జిల్లాల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. ఆ రోడ్డుపై మోటారు సైకిల్ ప్రమాదాలు, కొబ్బరి, తాటిచెట్ల మీదనుండి పడిపోవడం వల్ల తలకు దెబ్బలు తగులుతుంటాయి. అప్పుడు బంధువులు నన్ను అడిగేది ఒకటే: "సిస్టరమ్మా, వాపు తగ్గే ఇంజెక్షన్ ఎందుకు చెయ్యరు?"

వాపు ఎందుకు ప్రమాదం?

కాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె ఎముక సాగదు. లోపల మెదడు వాచితే ఒత్తిడి పెరిగి, మెదడుకు రక్తం సరిగా అందదు. రోగి మత్తులోకి జారిపోతాడు.

ఏ మందులు ఇస్తారు?

మానిటాల్ అనే మందును సెలైన్ లాగా నరంలోకి ఎక్కిస్తారు. ఉప్పు మామిడి ముక్కల్లోని నీటిని లాగినట్టే, ఇది మెదడులోని నీటిని రక్తంలోకి లాగి, మూత్రం ద్వారా పంపుతుంది. అందుకే మేము గొట్టం వేసి మూత్రం కొలుస్తాము, బీపీ చూస్తుంటాము. బీపీ పడిపోయినవారికి, కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఇది ప్రమాదం కావచ్చు. ఉద్దానం ప్రాంతంవారు కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. అవసరాన్నిబట్టి డాక్టరు గాఢమైన ఉప్పు సెలైన్ ఇవ్వవచ్చు. ఈ మందులు కొంత సమయం మాత్రమే ఇస్తాయి. లోపల పెద్ద రక్తపు గడ్డ ఉంటే ఆపరేషనే మార్గం. అందుకే స్కానింగ్ ఆలస్యం కాకూడదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి

నేను నర్సుగా చేరిన కొత్తలో, తల దెబ్బలకు నా చేతులతోనే డెక్సామెథాసోన్ ఇచ్చాను. మేలు చేస్తుందనే అందరం నమ్మాము. 2004లో ప్రచురించిన 'క్రాష్' పరిశోధనలో, మన దేశంతో సహా అనేక దేశాలలో 10,008 మందిని పరిశీలించారు. రెండు వారాలలో, స్టెరాయిడ్ ఇచ్చినవారిలో నూటికి 21 మంది, ఇవ్వనివారిలో 18 మంది చనిపోయారు. అందుకే తల దెబ్బకు ఇప్పుడు స్టెరాయిడ్ ఇవ్వరు. మెదడులో కణితి వల్ల వచ్చే వాపుకు మాత్రం అది పనిచేస్తుంది. రెండూ ఒకటి కావు.

ఇంటివారు చేయవలసినవి

1. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెడ కదలనివ్వకండి.
2. నీళ్ళు, సోడా, టీ పట్టకండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.
3. దారిలో ఆగి వాపు ఇంజెక్షన్, నిద్ర ఇంజెక్షన్ చేయించకండి.
4. దెబ్బ తగిలిన సమయం, వాడే మందులు, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు, డాక్టరుకు చెప్పండి.
5. బాగానే ఉన్నాడని ఇంటికి పంపినా 24 గంటలు కనిపెట్టి ఉండండి. మళ్ళీ మళ్ళీ వాంతులు, మత్తు, ఫిట్స్, కంటిపాపల్లో తేడా, ముక్కు లేదా చెవి నుండి నీరు, రక్తం కనిపిస్తే వెంటనే తీసుకురండి.

ఏ మందైనా దెబ్బ తగిలిన తరువాతి మాట. బండి తీసేముందు హెల్మెట్ పెట్టుకొని, పట్టీ బిగించుకోండి. వెనుక కూర్చున్నవారు కూడా.