గొలుసు లాగే కుక్క గురించి అబ్బాయికి



మీ అమ్మ ఫోనులో నీ కుక్క సంగతి చెప్పింది. గొలుసు పట్టుకుంటే నిన్నే ఈడ్చుకొని పోతోందట. మొదట్లో సాయంత్రం పూట అరటితోటల వైపు తిప్పేవాడివి. తర్వాత ఊరికుక్కలు లేని సందు వెతుక్కున్నావు. ఇప్పుడు గనిలో షిఫ్టుకు పోయేముందు, తుమ్మలపల్లె లేవకముందే ఒక చుట్టు తిప్పి కట్టేస్తున్నావట. ఎండాకాలంలో ఆ వేళ మంచిదే, ఎండెక్కాక తారురోడ్డు దాని పాదాలను కాలుస్తుంది. కానీ నువ్వు వేళ మార్చింది ఎండకు కాదు, ఎదురొచ్చేవాళ్లకు భయపడి. మీ అమ్మ అదంతా నీ ఓపిక అనుకుంటోంది. నాకు దిగులు పుట్టింది. కుక్క కోసం మనిషి దారి మార్చుకున్నాడంటే సాయం అడగాల్సిన రోజు వచ్చేసినట్టే. పశువుల ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే. కుక్క లాగడం మొదలుపెట్టినప్పుడు ఎవరూ రారు, ఎవరినో కరిచాక పరుగెత్తుకొని వస్తారు.

‘పెద్దదైతే అదే సర్దుకుంటుంది’ అని నువ్వు అంటున్నావట. సర్దుకోదు నాయనా. కుక్క నడక మన నడక కంటే వేగం. అది లాగుతుంది, నువ్వు రెండడుగులు వేస్తావు, దానికి కావాల్సిన చెట్టు అందుతుంది. లాగితే పని జరుగుతుందని రోజూ నువ్వే దానికి నేర్పుతున్నావు. నెల ఊరుకుంటే అది నెల రోజుల పాఠం. పోనీ వెనక్కి గుంజుదామంటే, మెడ మీద బరువు పడేకొద్దీ ఎదురు లాగడం దాని నైజం.

ఊరికుక్కలను చూసి మీదికి ఉరకడం వేరే సంగతి. చాలాసార్లు అది పౌరుషం కాదు, భయం. విడిగా తిరిగే కుక్క భయపడితే పక్కకు తప్పుకుంటుంది. గొలుసుతో ఉన్నది ఎటూ పోలేదు. అందుకే అరిచి, ఎగబడి, ఎదుటిదాన్నే తరిమేయాలని చూస్తుంది. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్లకు లోకం పరిచయమయ్యే వయసు. ఆ రోజులు గేటు లోపలే గడిచిన పిల్లకు లారీ కొత్త, మేకలమంద కొత్త, ఇంకో కుక్క కొత్త. పెద్దయ్యాక కూడా నేర్పవచ్చు. అయితే దానికి పని తెలిసిన మనిషి కావాలి.

సాయం అడగడానికి నీకు అసలు అడ్డం పరువు అని నా అనుమానం. కుక్కను కూడా పట్టుకోలేడంటారని. కోడెకు కాడి అలవాటు చేసేటప్పుడు మన ఊళ్లలో ఎవరైనా సిగ్గుపడ్డారా? పని తెలిసిన ఎద్దు పక్కన కడతారు, చెయ్యి తిరిగిన రైతును పిలుచుకొస్తారు. మంగళగిరిలో ఆరో బెటాలియన్‌లో పోలీసు కుక్కకు శిక్షణ ఇస్తుంటే, దాన్ని నడిపించబోయే కానిస్టేబులు కూడా దానితోపాటే నేర్చుకుంటాడు. కుక్కను ఎక్కడో వదిలేసి ‘నేర్పి పంపండి’ అంటే కుదరదని నీకూ అర్థమయ్యే ఉంటుంది. నేర్చుకోవాల్సింది మీరిద్దరూ.

శిక్షణ అంటే కొడతారేమో అని నువ్వు భయపడుతున్నావంటే, ఆ భయాన్ని నేను మెచ్చుకుంటా. ఈ పనికి మనదేశంలో లైసెన్సు తప్పనిసరి కాదు, బోర్డు ఎవరైనా కట్టుకోవచ్చు. కాబట్టి నేర్పేవాణ్ణి ముందే అడుగు: మా కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారు? సరిగ్గా చేస్తే ఏం ఇస్తారు? నేను పక్కన ఉండవచ్చా? కర్ర, కరెంటు బెల్టు, లాగితే బిగిసే గొలుసు అన్నవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండవద్దు. భయంతో ఎగబడే కుక్కను కొడితే భయం పెరుగుతుంది. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ఈ మాటే తేల్చి చెప్పింది. కోపం చూపే కుక్కకు కూడా మెచ్చుకొని నేర్పే పద్ధతే వాడమంది.

అన్నిటికంటే ముందు దాన్ని ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకొనిపో. కీళ్లనొప్పి, చెవిలో పుండు, పెరిగిన గోళ్లు, గోమార్లు, వీటిలో ఏదున్నా కుక్క చిరాకుపడుతుంది. నొప్పి ఉన్న కుక్కకు ఏ శిక్షణా ఎక్కదు. రేబిస్ టీకా గడువు కూడా చూపించుకో. ఎవరికైనా దాని పన్ను గీరుకున్నా సరే, ఆ చోట సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పంపాలి.

నేర్పే మనిషి దొరికేలోపు మెడ బెల్టు పక్కన పెట్టి, ఛాతీకి వేసే పట్టీ కొను. ముందువైపు కొక్కెం ఉన్నదైతే మేలు. వాకిట్లోనే మొదలుపెట్టు. తాడు బిగిసిందా, నిలబడిపో. ఒక్క మాట అనొద్దు. అది నీ వైపు తిరిగి తాడు వదులైన క్షణాన నడువు, నీ కాలి పక్కన ఉన్నప్పుడు ఉడికిన కోడిమాంసం ముక్క పెట్టు. రోజూ కొద్దికొద్దిసేపు చాలు. ఇంట్లో అందరూ ఒకే తీరుగా చేయాలి. ఒకరు నిలబడి, ఇంకొకరు పరుగెత్తితే అది ఎవరి మాటా వినదు.

తిప్పడం కష్టమని రోజంతా కట్టేసే ఆలోచన మాత్రం చేయకు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కట్టేసి పెంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్ని కూడా నేరం కిందనే లెక్కవేసింది. నీ కుక్క ఎవరినైనా గాయపరిచిన రోజున భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది. నిర్లక్ష్యం రుజువైతే ఆరు నెలల దాకా జైలు, ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ.

డబ్బు గురించి వెనకాడకు, నేను పంపుతా. ఈ వారపు సెలవు నాడు పొద్దున్నే దాన్ని ప్రొద్దుటూరుకు తీసుకొనిపోయి, డాక్టరు ఏమన్నాడో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

మీ చిన్నాయన