మంటను ఆర్పే గ్యాసును కాల్చేదెలా?

ఇంట్లో చెత్త పోగైతే ఏం చేస్తాం? పెంటకుప్ప మీద వేస్తాం. లేదా కాలుస్తాం. మరి చెత్త గ్యాసు రూపంలో ఉంటే?

హాలన్ అనే గ్యాసు ఉంది. ఇది వంట గ్యాసులా మండదు. మంటను ఆర్పుతుంది. విమానాల్లో, ఓడల్లో దీన్ని సిలిండర్లలో నింపి పెట్టేవారు.

మంచిదే కదా? కాని ఇది గాలిలో కలిసి పైకి పోతుంది. ఓజోన్ పొరను పాడుచేస్తుంది. ఓజోన్ పొర మనకు గొడుగు లాంటిది. ఎండలోని చెడు కిరణాలను ఆపుతుంది. గొడుగు పలచబడితే చర్మానికి క్యాన్సర్, కళ్లకు శుక్లాలు పెరుగుతాయి. పంటలకూ దెబ్బే.

అందుకే 1987లో మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. హాలన్ తయారీని ధనిక దేశాలు 1994 నుంచి, మనలాంటి దేశాలు 2010 నుంచి ఆపాలని ఆ తర్వాత నిర్ణయించారు.

మరి సిలిండర్లలో మిగిలిన హాలన్ సంగతేమిటి? వదిలేస్తే ఓజోన్‌కు చేటు. కాలుద్దామంటే మంటనే ఆర్పేస్తుంది!

ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఒక దారి చూపారు. అదే ప్లాస్మా.

ప్లాస్మా అంటే ఏమిటి?

మంచుగడ్డ కరిగితే నీళ్లు. నీళ్లు కాగితే ఆవిరి. గ్యాసును ఇంకా ఇంకా వేడిచేస్తే మెరిసిపోతుంది. దానిలో కరెంటు పారుతుంది. అదే ప్లాస్మా. ఆకాశంలో మెరుపు ప్లాస్మాయే. వెల్డింగు షాపులో కళ్లు జిగేల్‌మనిపించే వెలుగూ అదే.

మెల్‌బోర్న్ నగరంలో ఇలా చేశారు. ఆర్గాన్ అనే గ్యాసులో కరెంటు పారించారు. వేడి 10,000 డిగ్రీలు దాటింది. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. ఇక ఆ వేడి ఎంతో చూడండి! అందులోకి హాలన్‌ను పంపితే రెప్పపాటులో ముక్కలైపోతుంది. వెంటనే చల్లార్చాలి. లేకపోతే ముక్కలు మళ్లీ కలిసి కొత్త విషాలు కావచ్చు. మిగిలిన యాసిడ్‌ను కాస్టిక్ సోడా నీళ్లతో కడుగుతారు. అది ఉప్పుగా మారుతుంది.

10,000 పాళ్లలో 9,999 పాళ్లయినా నాశనం కావాలని నియమం.

అయితే దీనికి కరెంటు చాలా కావాలి. ఖర్చూ ఎక్కువే. ఫ్యాక్టరీల పొగ అంతటినీ ఇలా కాల్చలేం. చెత్త చేశాక ఊడ్చడం కంటే చెయ్యకపోవడమే మేలు.

మనమేం చెయ్యాలి?

చాలా పాత ఫ్రిజ్‌లలోని గ్యాసు కూడా ఓజోన్‌కు శత్రువే. గొట్టం కోసి గ్యాసు వదలనివ్వకండి. "సిలిండర్‌లోకి పట్టు నాయనా" అని మెకానిక్‌కు చెప్పండి.

చెప్పండి:
1. ఓజోన్ పొర మనకు ఏం మేలు చేస్తుంది?
2. హాలన్‌ను మామూలు మంటలో ఎందుకు కాల్చలేం?
3. మీరు ప్లాస్మాను ఎక్కడ చూశారు?