పాత ప్రింటరు కొందామా?

మా పిన్ని వాళ్ల పొదుపు సంఘంలో పదిమంది ఉన్నారు. గుడ్డ సంచులు కుడతారు. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధించారు. ఆ తర్వాత కిరాణా కొట్ల వాళ్లు, పెళ్లిళ్ల వాళ్లు గుడ్డ సంచులు అడగడం మొదలుపెట్టారు. సంచి మీద పేరు అచ్చు వేసి ఇవ్వాలి. సంఘం వాళ్లే స్క్రీన్ ప్రింటింగు నేర్చుకున్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. ఫిల్ము కోసం ప్రతిసారీ టౌనుకు పోవాలి. డీటీపీ షాపులో ఒక్కో ఫిల్ముకు 80 రూపాయలు. ఆటోకు రానుపోను 40. ఒక పూట పని పోతుంది.

పోయిన నెల పిన్ని నన్ను అడిగింది.

"అమ్మాయ్, ఆరు వేలకు పాత ఇంక్‌జెట్ ప్రింటరు ఉందంట. కొనేద్దామా?"

నాకు పక్క ఊరి సంఘం గుర్తుకొచ్చింది. వాళ్లూ అలాగే ఒకటి కొన్నారు. షాపులో తెల్ల కాగితం మీద ప్రింటు తీసి చూపించారు. బాగుంది, డబ్బు కట్టారు. ఇంటికి తెచ్చి ఫిల్ము తీస్తే నలుపు పలచగా పడింది. పెళ్లికి 200 సంచులు. సగం అక్షరాలు పడలేదు. పెళ్లివారు సంచులు తీసుకోలేదు. సంఘం అప్పు మాత్రం ఇంకా కడుతూనే ఉన్నారు.

కాగితం మీద బాగున్నది ఫిల్ము మీద ఎందుకు చెడింది? చూద్దాం.

స్క్రీను అంటే చట్రానికి బిగించిన పలచటి జాలి గుడ్డ. దానికి ఎమల్షన్ అనే మందు పూసి చీకట్లో ఆరబెడతారు. దాని మీద ఫిల్ము పెట్టి, పైన అద్దం పెట్టి, వెలుగు చూపిస్తారు. వెలుగు తగిలిన చోట మందు గట్టిపడుతుంది. నల్లటి అక్షరం కింద వెలుగు తగలదు. అక్కడ మందు మెత్తగానే ఉంటుంది. నీళ్లతో కడిగితే పోతుంది. ఆ ఖాళీ లోంచే రంగు దిగి సంచి మీద అక్షరం పడుతుంది.

నలుపు పలచగా ఉంటే వెలుగు దాని లోంచి కూడా దూరుతుంది. అక్షరం కింది మందూ గట్టిపడుతుంది. ఇక ఎంత కడిగినా అక్షరం తెరుచుకోదు. కాగితం మీద ఈ తేడా కనిపించదు. ఎందుకంటే కాగితాన్ని మనం పైనుంచి చూస్తాం, ఫిల్ము లోంచి మాత్రం వెలుగు పోవాలి.

అందుకే పిన్నితో చెప్పాను. ధర సంగతి తర్వాత. ముందు మన ఫిల్ము మనమే తీసుకుపోదాం. ఇంక్‌జెట్‌కు పనికొచ్చే పూత ఉన్న ఫిల్మే కావాలి. వేలు కాస్త తడిచేసి తాకితే పూత ఉన్న వైపు వేలికి అంటుకుంటుంది. ప్రింటు ఆ వైపే పడాలి. పూత లేని మామూలు ప్లాస్టిక్ షీటు మీద ఇంకు చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది.

ఫిల్ము మీద ఏం తీయాలి? అరచేయంత నల్ల గడి ఒకటి, సన్న గీతలు కొన్ని, చిన్న అక్షరాల్లో తెలుగు మాటలు కొన్ని. తెలుగు తప్పకుండా ఉండాలి. మన ఒత్తులు, తలకట్లు చాలా సన్నం. ఇంగ్లీషు అక్షరాలు బాగా వచ్చిన ప్రింటరులో కూడా మన ఒత్తు మాయం కావచ్చు.

ఆరాక ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూడండి. నల్ల గడి లోంచి లైటు కనబడకూడదు. అడ్డంగా తెల్ల చారలు ఉంటే హెడ్డులో రంధ్రాలు పూడిపోయాయన్నమాట. హెడ్డు అంటే ఇంకు చిమ్మే భాగం. వరుసగా చిన్న తెల్ల చుక్కలు ఉంటే ఫిల్మును లాగే పళ్ల చక్రాలు గీరుతున్నాయి. అదే బొమ్మ రెండో ఫిల్ము మీద తీసి ఒకదాని మీద ఒకటి పెట్టండి. గీతలు కలవాలి. కలవకపోతే రెండు రంగుల పని చేయలేం.

కంటికి నల్లగా కనపడితే చాలదు. మందును గట్టిపరిచే కిరణం కంటికి కనపడదు. వీలైతే కొంత బయానా ఇచ్చి, ఆ ఫిల్ముతో ఇంట్లో ఒక స్క్రీను తీసి చూసి, మిగతా డబ్బు కట్టండి.

సెకండ్‌హ్యాండులో దొరికే ఎప్సన్ ఇంకు ట్యాంకు ప్రింటర్లలో ఎల్ 130, ఎల్ 805 ఏ4 సైజువి. అంటే 21 సెంటీమీటర్ల వెడల్పు. సంచికి అది సరిపోతుంది. ఎల్ 1300, ఎల్ 1800 ఏ3 కూడా తీస్తాయి. వీటిలో హెడ్డు ప్రింటరులోనే ఉంటుంది. పూడిపోతే ఖర్చు ఎక్కువ. చాలా హెచ్‌పీ మోడళ్లలో హెడ్డు కార్ట్రిజ్‌తోనే వస్తుంది. కార్ట్రిజ్ మారిస్తే హెడ్డూ మారినట్టే. కానీ మాటిమాటికీ కార్ట్రిజ్ కొనాలి. ఎన్నాళ్లుగా వాడకుండా పెట్టారో అడగండి. వాడని ప్రింటరులోనే ఇంకు ఎండుతుంది. వృథా ఇంకు చేరే స్పాంజి నిండిందేమో కూడా అడగండి. నిండితే ప్రింటరు ఆగిపోతుంది.

ఇప్పుడు లెక్క. టౌనులో ఫిల్ముకు 80, ఆటోకు 40, మొత్తం 120. ఇంట్లో తీస్తే ఫిల్ము, ఇంకు కలిపి 35 అనుకుందాం. మిగిలేది 85. ఆరు వేలు తిరిగి రావాలంటే 71 ఫిల్ములు తీయాలి. నెలకు 6 తీస్తే ఏడాది పడుతుంది. నెలకు రెండే తీసేవాళ్లకు మూడేళ్లు. అంత తక్కువ పని ఉంటే నా మాటగా చెబుతున్నా, కొనకండి. ఈలోగా హెడ్డు ఎండిపోతుంది. మా పిన్ని వాళ్లు నెలకు ఏడెనిమిది తీస్తారు.

ఆదివారం షాపుకు పోయాం. తమ్ముడి ల్యాప్‌టాప్, ఐదు ఫిల్ములు పట్టుకుపోయాం. మొదటి దాంట్లో నల్ల గడి లోంచి ట్యూబులైటు కనిపించింది. షాపాయన ఇంకోటి చూపించాడు. గడి బాగా నల్లగా ఉంది. నాకు నచ్చింది. సరే అనబోయాను.

పిన్ని ఫిల్మును లైటుకు పట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"ఇదేంటి, శీరస్తు అని ఉంది? 'శ్రీ'కి క్రావడి ఏది?"

నేను తీసుకుని చూశాను. గడి మీదే నా కన్ను పోయింది, అక్షరాలు సరిగా చూడలేదు. నిజంగానే క్రావడి పడలేదు. రెండుసార్లు హెడ్డు క్లీనింగు చేయించాం. అయినా అంతే.

"అంత చిన్నది ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు షాపాయన.

"నేను చూశా గదా," అంది పిన్ని.

లేచి వచ్చేశాం. ఫిల్ములు ఇంకా మూడు ఉన్నాయి. వచ్చే ఆదివారం ఇంకో షాపుకు పోతాం.